స్లాబు రోజు మందు ఎవరి దాహం తీర్చడానికి?



ఇల్లు కట్టించినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. స్లాబు రోజు దగ్గర పడేసరికి తాపీమేస్త్రి సిమెంటు బస్తాల లెక్క, ఇనుము లెక్క, మిల్లరు అద్దె అన్నీ ఏకరువు పెట్టి, ఆఖరున కాస్త గొంతు తగ్గించి, "సాయంత్రం కుర్రాళ్ళకి ఏదో చూడాలి గదా బాబూ" అంటాడు. ఆ 'ఏదో' ఏమిటో ఇంటాయనకూ తెలుసు, వంటింట్లోంచి వింటున్న ఇల్లాలికీ తెలుసు. కోడికూర, భోజనం, తలకొక క్వార్టరు. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఇది ఆనవాయితీ. ఇవ్వకపోతే పిసినారి అంటారు. మరుసటి వారం గోడల పనికి మనుషులు రారేమోనన్న భయం కూడా ఉంటుంది. అందుచేత ఆదివారం పూజకు తప్పకుండా వచ్చే కుటుంబీకుడు సైతం, తాను చుక్క ముట్టనివాడైనా సరే, ఆ రోజు డబ్బు తీసి మేస్త్రి చేతిలో పెడతాడు. దాన్ని గురించి మళ్ళీ ఆలోచించడు.

ఆలోచించవలసిన విషయమేనని నా ఉద్దేశం. ఎందుకంటే ఆయన దాన్ని చెడ్డపనిగా చేయడం లేదు, దయతోనే చేస్తున్నాడు. పొద్దుటి నుంచి ఎండలో కరిగిపోయినవాళ్ళు, ఒళ్ళు హూనమైనవాళ్ళు, కాస్త సేద దీరనీ అనుకుంటాడు. దప్పికగొన్నవారికి దాహమివ్వడం శారీరక దయాకార్యాల్లో ఒకటని మనమందరం చిన్ననాడు సత్యోపదేశం తరగతిలో వల్లె వేసినవాళ్ళమే. మరి అలసిన మనిషి చేతిలో సీసా పెట్టడం ఆ కోవలోకి వస్తుందా?

అసలు తాగడమే పాపమా అన్న పెద్ద చర్చ ఇక్కడ పెట్టబోవడం లేదు. కానా పెండ్లి పందిట్లో ప్రభువు ఏం చేశారో, పునీత పౌలు తిమోతికి కడుపు నొప్పికి ఏం తీసుకోమన్నారో ఎత్తిచూపేవారు ప్రతి విచారణలోనూ నలుగురుంటారు. వారితో నాకు పేచీ లేదు. నా ప్రశ్న చాలా చిన్నది. దాహం తీర్చడానికని మనం ఇచ్చేది దాహాన్ని తీరుస్తుందా? అలసట పోగొట్టడానికని ఇచ్చేది గుండెకు విశ్రాంతినిస్తుందా? దీనికి జవాబు ముందుగా శరీరాన్ని అడగాలి. నీతి సంగతి ఆ తరువాత.

స్లాబు పని ఎలా ఉంటుందో తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపడానికి వీల్లేని పని అది. తెల్లవారుజామున మిల్లరు తిరగడం మొదలైతే ఆఖరి తట్ట పడేదాకా సాగవలసిందే. ఎండలో బరువుపని చేసే మనిషి ఒంట్లోంచి గంటకు ఒక లీటరు చెమట పోవడం వింత కాదు. చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. నీరు తగ్గేకొద్దీ రక్తం పరిమాణం తగ్గుతుంది. అదే సమయంలో ఒంటి వేడిని బయటికి పంపడానికి శరీరం చర్మం కిందనున్న నాళాలను వెడల్పు చేసి రక్తాన్ని అటు మళ్ళిస్తుంది. ఉన్న రక్తం తక్కువ, తిప్పవలసిన చోటు ఎక్కువ. ఇక గుండె చేయగలిగిందల్లా వేగంగా కొట్టుకోవడమే. ఊరకే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 లోపు కొట్టుకునే గుండె, స్లాబు మీద 120 దాటిపోతుంది. సాయంత్రానికి దానికి కావలసింది నీడ, నీళ్ళు, ఉప్పు, కొంత నిద్ర.

అప్పుడు మనమిచ్చే క్వార్టరులో ఏముంది? సీసా మీద చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది చూడండి, నూటికి 42.8 వంతులు అని. అంటే 180 మిల్లీలీటర్లలో 77 మిల్లీలీటర్లు శుద్ధమైన ఆల్కహాలు, తూకంలో దాదాపు 60 గ్రాములు. మిగిలిన నీరు 100 మిల్లీలీటర్ల పైచిలుకు, టీ గ్లాసుడు. ఆ ఆల్కహాలు రక్తంలో చేరగానే మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి మీద పనిచేస్తుంది. "నీటిని వదలకండి, వెనక్కి పట్టి ఉంచండి" అని మూత్రపిండాలకు కబురు పంపే హార్మోను అక్కడినుంచే వస్తుంది. మద్యం ఆ కబురును నిలిపేస్తుంది. మూత్రపిండాలు నీటిని వదిలేస్తాయి. బ్రిటనుకు చెందిన గ్రేస్ ఎగల్టన్ అనే శరీరశాస్త్రవేత్త 1942లో దీన్ని కొలిచి, ఒక గ్రాము ఆల్కహాలుకు సుమారు 10 మిల్లీలీటర్ల అదనపు మూత్రం పోతుందని లెక్క తేల్చారు. ఆ లెక్కన క్వార్టరు తాగిన మనిషి లోనికి తీసుకున్న నీరు టీ గ్లాసుడైతే, అదనంగా పోగొట్టుకునేది అర లీటరు పైమాటే.

ఇక్కడ న్యాయంగా ఒక సంగతి చెప్పాలి. ఒంట్లో నీరు ముందే తగ్గిపోయినవాడిలో ఈ నష్టం అంతగా ఉండదు. శరీరం తన ప్రాణం కోసం తాను పెనుగులాడుతుంది గనుక, ఉన్న నీటిని కొంతవరకు పట్టి ఉంచుకుంటుంది. అంతమాత్రాన గండం గడిచినట్టు కాదు. రెండు మూడు లీటర్ల నీరు చేరవలసిన ఒంట్లోకి టీ గ్లాసుడు చేరింది. పైగా మత్తు దప్పికను మరపిస్తుంది. నీళ్ళు తాగవలసిన మనిషి తాగకుండానే వాలిపోతాడు. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే కరిగించగలదు. సాయంత్రం ఏడింటికి తాగిన క్వార్టరు అర్ధరాత్రి దాటేదాకా, ఒక్కొక్కరిలో రెండు మూడు గంటల దాకా, రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. తెల్లారి లేచేసరికి నాలుక పిడచగట్టుకుపోవడం, తల పగిలిపోవడం అందరూ ఎరిగినవే.

కల్లు సంగతేమిటని మీలో కొందరు అడుగుతారు. అడగవలసిందే. సున్నం పూసిన కుండలో పట్టిన నీరాలో మత్తే ఉండదు. సాయంత్రానికి పులిసిన తాటికల్లులో నూటికి నాలుగైదు వంతులు ఆల్కహాలు, మిగిలినదంతా నీరూ కాస్త చక్కెరా. కల్లు ముంతలోని నీరు అది పోగొట్టే నీటికంటే ఎక్కువ. అందుచేత చెట్టెక్కి దించిన కల్లునూ, కంపెనీ సీసానూ, మన్యం వైపు కాచే నాటుసారానూ ఒకే గాటన కట్టి తిట్టడం నాకు సమ్మతం కాదు. కాని కల్లు 'చలువ' అని చెప్పి ఎండలోంచి వచ్చినవాడికి నీళ్ళకు బదులు పట్టించడం మాత్రం పొరపాటే. పులిసిన కల్లు రెండు మూడు ముంతలయ్యేసరికి లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది.

ఇక గుండె విషయం. మద్యం తాగినవాడి ముఖం ఎర్రబారడం, ఒళ్ళు వెచ్చబడడం చూశారు గదా. చర్మం కింది నాళాలు తెరుచుకున్నందువల్ల వచ్చే వెచ్చదనమది. పగలంతా ఎండ చేసిన పనినే రాత్రి మందు మళ్ళీ చేస్తుంది. నాళాలు సడలితే రక్తపోటు కాస్త దిగుతుంది, దాన్ని నిలబెట్టడానికి గుండె వేగం పెంచుతుంది. దీన్ని పరీక్షించిన అధ్యయనాలన్నింటినీ కూడగట్టి కొక్రేన్ సంస్థ 2020లో ఒక సమీక్ష ప్రచురించింది. ఒక పూటలో 30 గ్రాములకు మించి ఆల్కహాలు తీసుకున్నవారి గుండె సుమారు పన్నెండు గంటల దాకా నిమిషానికి ఆరేసి దెబ్బలు అదనంగా కొట్టుకుంటుందనీ, పదమూడు గంటలు దాటాక రక్తపోటు మామూలుకంటే పైకి లేస్తుందనీ అందులో తేలింది. మన క్వార్టరు 30కి రెట్టింపు అని మరువకండి. ఆరే గదా అనిపిస్తుంది. ఆరోగ్యవంతుడైన పాతికేళ్ళ కుర్రాడికి నిజంగానే అదేమంత బరువు కాదు. కాని పన్నెండు గంటలకు నాలుగు వేలకు పైగా అదనపు దెబ్బలు, అదీ విశ్రాంతి తీసుకోవలసిన రాత్రిపూట. స్లాబు మీద ఉన్నవాళ్ళందరూ పాతికేళ్ళవాళ్ళు కారు. బీపీ ఉన్నదీ లేనిదీ ఎన్నడూ చూపించుకోని యాభై ఏళ్ళ కళాసీ కూడా ఉంటాడు. అతనికిది గోరుచుట్టుపై రోకటిపోటు.

వేగం ఒక్కటే కాదు, లయ కూడా తప్పుతుంది. అమెరికాలో ఫిలిప్ ఎటింగర్ అనే వైద్యుడు 1978లో ఒక విచిత్రం రాశారు. ఇతరత్రా గుండెజబ్బేమీ లేనివారు కొందరు శని ఆదివారాలు బాగా తాగి, ఆ వెంటనే రోజుల్లో గుండె లయ తప్పి ఆసుపత్రికి వస్తున్నారు. క్రిస్మసుకూ కొత్త సంవత్సరానికీ నడుమ ఆ రద్దీ మరీ ఎక్కువ. అందుకే దానికి 'హాలిడే హార్ట్' అన్న పేరు నిలిచింది, అంటే పండుగ గుండె. మన పండుగలు ఆ పేరుకు అందడం నాకు కాస్త సిగ్గుగానే ఉంటుంది. 2015లో జర్మనీలోని మ్యూనిక్‌లో బీరు పండుగకు వచ్చిన 3,028 మందికి వైద్యులు అక్కడికక్కడే ఈసీజీ తీశారు. వారిలో నూటికి ముప్పై మంది గుండె నడకలో తేడా కనబడింది. ఎక్కువమందిది మితిమీరిన వేగమే. ఊపిరిలో ఆల్కహాలు పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరిగింది. చాలామందిలో ఇది తెల్లారేసరికి సర్దుకుంటుంది. సర్దుకోని కొద్దిమందిలో, గుండె పైగదులు లయ తప్పి వణికితే అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు పోయి పక్షవాతం తెస్తుంది. చెమటతోనూ మూత్రంతోనూ ఒంట్లోని లవణాలు తరిగిన మనిషికి ఆ ప్రమాదం మరింత దగ్గర.

మద్యం తంటా ఇక్కడే ఉంది. అది అబద్ధపు సాక్ష్యం చెబుతుంది. దప్పిక తీరినట్టు చెబుతుంది, తీరదు. అలసట పోయినట్టు చెబుతుంది, లోపల గుండె పరుగులు తీస్తూ ఉంటుంది. తెల్లవారుజామున వలకు పోయే మత్స్యకారుడు చలికని ఒక గుక్క వేసుకుంటాడు. వెచ్చగా తోస్తుంది, కాని లోపలి వేడి చర్మం దారిన గాలికి పోతున్నందువల్లనే ఆ వెచ్చదనం. "ఏటి సేస్తాం బాబూ, ఒళ్ళునొప్పులు" అని కూలివాడు చెప్పే మాటలో అబద్ధం లేదు, నొప్పి నిజమే. ఆ నొప్పిని తెలియకుండా చేసి, మందు తన సొంత బాకీని పొద్దుటికి వాయిదా వేస్తుంది. వైద్యులు వడదెబ్బ రోజుల్లో మద్యం ముట్టవద్దనడం ఇందుకే. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎండాకాలపు సూచనల్లో కూడా అదే మాట ఉంది. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. వారిలో చాలామంది ఎండలో పని చేయక తప్పనివారు, ముసలివారు.

ఇంకొక మాట, ఇది శ్రీకాకుళం వైపు వారికి. ఒళ్ళునొప్పుల మాత్ర వేసుకుని, దాని మీద మందు తాగే అలవాటు పనివాళ్ళలో విస్తారంగా ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలకు పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు చాలని రోజున అవి చేసే చెరుపు మరీ ఎక్కువ. కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాల్లో, మనం ఉద్దానం అని పిలుచుకునే ఆ కొబ్బరి తోటల సీమలో, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను గుల్ల చేసిందో నేను చెప్పాలా? దానికి కారణం ఇదీ అని వైద్యశాస్త్రం నేటికీ తేల్చలేదు. తాగుడు వల్లనే వచ్చిందని ఆ జనాన్ని నిందించేవారు నోరు అదుపులో పెట్టుకోవాలి. చుక్క ముట్టనివారికీ, ఆడవారికీ కూడా వచ్చింది. నేను చెప్పేది వేరు. మూత్రపిండాలు ముందే బలహీనపడిన మనుషులున్న ఊళ్ళో, ఎవరికి ఏముందో తెలియకుండా, ఎండలో పనిచేసి వచ్చినవాడికి నీళ్ళు కాక సీసా ఇవ్వడం ఎంత సాహసం!

ఇప్పుడు మళ్ళీ మన ఇంటాయన దగ్గరికి వద్దాం. ఆయన తప్పేమిటి? తాగినవాడు వేరొకడు గదా?

ఈ ప్రశ్నను పదమూడవ శతాబ్దంలోనే పునీత తోమాసు అక్వినాసు విడదీసి చూశారు. తన 'వేదాంత సారం'లో తాగి మత్తెక్కడం గురించి రాస్తూ, ఆ పానీయపు బలం తెలియక తాగినవాడిని తప్పుపట్టనక్కరలేదన్నారు. నోవా తొలిసారి ద్రాక్షారసం తాగి పడిపోయింది అలాగేనని ఆయన తలచారు. తెలిసి తాగినవాడి సంగతి వేరు. అంతటితో ఆయన ఆగలేదు. తాగమని పిలిచినవాడి లెక్కా చూశారు. పిలిచినవాడికి ఎదుటివాడు తట్టుకోలేడని తెలియకపోతే అతడూ తప్పించుకుంటాడు. తెలిసే పిలిస్తే ఇద్దరికీ తప్పించుకునే దారి లేదు. ఇచ్చినవాడు వేరు, తాగినవాడు వేరు అన్న మాట అక్కడ చెల్లదు. మన క్వార్టరు మీద 42.8 అని అచ్చువేసి ఉంది. గుండె, నీరు, ఉప్పు సంగతి ఇప్పుడు దాదాపు ప్రతి ఆసుపత్రి గోడమీదా రాసి ఉంది. తెలియదనడం రోజురోజుకూ కష్టమవుతోంది.

దీనికి ఎదురువాదం కూడా బైబులులోనే దొరుకుతుంది. సామెతల గ్రంథం ఆఖరి అధ్యాయంలో రాజమాత ఒకామె, చావుకు దగ్గరైనవాడికీ మనసు చేదెక్కినవాడికీ ఘాటైన పానీయం ఇమ్మనీ, తాగి తన లేమిని మరచిపోనిమ్మనీ కొడుకుకు చెబుతుంది. ఇది గట్టి మాట. దాటవేయడానికి వీల్లేదు. నొప్పిమందులు లేని కాలంలో మరణవేదన పడేవాడికి అదొక్కటే ఉపశమనం. కాని మన తాపీపనివాడు చావుబతుకుల్లో లేడు. మర్నాడు ఆరింటికి లేచి మళ్ళీ పనికి పోవలసినవాడు. పైగా అతని లేమిని మరపించడం మన వంతు కాదు, మన చేతిలో ఉన్నంతమేరకు తగ్గించడం మన వంతు. ఆ అధ్యాయంలోనే తరువాతి మాటలు చదవండి. నోరులేనివారి పక్షాన నోరు విప్పమని అదే తల్లి అదే కొడుకును ఆజ్ఞాపిస్తుంది.

"అతని డబ్బు అతనికిచ్చినా తాగుతాడు గదా" అనేది ఇంకొక వాదం. తాగుతాడేమో. అది అతని ఎంపిక, అతని ఇల్లాలితో తేల్చుకోవలసిన మాట. మనం డబ్బు ఇస్తే బియ్యానికో పిల్లల ఫీజుకో పోయే వీలు మిగిలి ఉంటుంది. సీసా ఇస్తే ఆ వీలు మనమే మూసేస్తున్నాం. ఇది అతనికి నీతులు చెప్పడమూ కాదు. ఏసీ ఫంక్షన్ హాల్లో తాను గ్లాసు పట్టుకుని, స్లాబు కింద కూలివాడికి మితం బోధించే పెద్దమనుషులంటే నాకు ఒళ్ళు మంట.

మరొకటి గమనించారా? స్లాబు రోజు ఇసుకా కంకరా మోసేవారిలో, సిమెంటు తట్టలు అందించేవారిలో సగం మంది ఆడవాళ్ళు. చెమట వారిదీ చెమటే. సాయంత్రపు క్వార్టరు మగవాళ్ళకే. ఆడవాళ్ళకు మహా అయితే ఒక కూల్‌డ్రింకు. కూలి ముందే తక్కువ. మనం దయ అనుకుంటున్నది నిజంగా అలసటకే అయితే, అదే అలసట పడ్డ సగం మందిని ఎందుకు వదిలేసింది?

ఈ లెక్క మన రాష్ట్రంలో ఆడవాళ్ళే ముందు తేల్చారు. 1980లలో 'వారుణి వాహిని' అన్న అందమైన పేరుతో సారా ప్యాకెట్లు పల్లెపల్లెకూ చేరాయి. తాగునీళ్ళు చేరని ఊళ్ళకు కూడా చేరాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంలో 99 రూపాయలకు క్వార్టరు పెట్టారు. ఉద్దానానికి హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్ళూ, పలాసలో కిడ్నీ ఆసుపత్రీ ప్రారంభమయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. ఏది ముందు చేరిందో, ఏది తరువాత చేరిందో మీరే చూసుకోండి.

మరి స్లాబు రోజు ఏం చేయాలి? అడిగేవారికి నాకు తోచినది చెబుతాను. తెల్లవారగానే రెండు పెద్ద డ్రమ్ముల మంచినీళ్ళు పెట్టించి, వాటి పక్కన ఒక మనిషిని నిలబెట్టండి. దప్పిక వేసేదాకా ఆగకుండా, ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు చొప్పున పైకి అందించడమే అతని పని. పది గంటలకు తరవాణి గానీ చోడి అంబలి గానీ, ఉప్పూ ఉల్లిపాయా వేసి పంచండి. మన అమ్మమ్మలు తరవాణి కుండను వట్టినే కనిపెట్టలేదు. నీరూ ఉప్పూ పిండిపదార్థమూ ఒక్క ముంతలో ఉన్నాయందులో. మజ్జిగ మరీ మంచిది. ఎవరైనా నీరసించి కూలబడితే, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సరిగా కొలిచి కలిపి కొద్దికొద్దిగా తాగించండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఉప్పునీళ్ళూ కొబ్బరిబొండమూ డాక్టరునడగకుండా ఇవ్వకూడదు. కొబ్బరినీళ్ళలోని పొటాషియం వారి గుండెకే ముప్పు. కొబ్బరి సీమలో ఈ మాట చెప్పవలసి రావడం ఎంత బాధ! చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, 108కి ఫోను చేయండి.

సాయంత్రం కోడికూర భోజనం పెట్టండి, అందరికీ, ఆడవాళ్ళకు కూడా ఒకే పంక్తిలో. మందు కని పక్కన పెట్టిన డబ్బును తలకింత చొప్పున కూలితోపాటు, చీకటి పడకముందే, ఎవరి చేతికి వారికి ఇవ్వండి. మేస్త్రి చేతికి గుత్తగా ఇవ్వకండి. ఒక బండి మీద ముగ్గురేసి హైవే ఎక్కి ఇళ్ళకు పోయేవారు వారు. తాగి బండి నడిపి తమ ప్రాణాలూ పరుల ప్రాణాలూ అపాయంలో పెట్టడం ఘోరమైన తప్పిదమని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2290వ పేరాలో ఉంది. మేస్త్రి సణుగుతాడు. ముందుగానే, బయానా ఇచ్చేనాడే చెప్పి ఉంచితే తక్కువ సణుగుతాడు. మనుషులు రారన్న భయం అబద్ధమని నేననను. ఒకరిద్దరు రాకపోవచ్చు. ఒక వీధిలో నలుగురు ఇంటివాళ్ళు ఒకమాట మీద ఉంటే ఆ భయం నాలుగో వంతవుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. ఈ వ్యాసం చదివి రేపే ఎవరిచేతనైనా మాన్పించాలని ఒట్టు పెట్టించకండి. తపస్సు కాలంలో నలభై రోజులు మానేవారు మన విచారణల్లో ఉన్నారు, అయ్యప్ప మాలలో నలభై ఒక్క రోజులు మానేవారు పక్కింట్లో ఉన్నారు. వారిలో చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. కాని ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపితే, ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మూర్ఛ వస్తుంది, మతి చలిస్తుంది. అది ప్రాణం మీదికి రాగల జబ్బు, మనోబలం లేకపోవడం కాదు. పొద్దున్నే వణికే చేతులతో వచ్చిన మనిషి మీ పనివాళ్ళలో కనబడితే, అతన్ని స్లాబు ఎక్కనివ్వకండి. ఎగతాళి చేయనివ్వకండి. ఆనాటి కూలి అతనికిచ్చి, తోడు ఒక మనిషినిచ్చి, దగ్గరి ప్రభుత్వాసుపత్రికి పంపండి.